వింటూ వెతికే విమానం

బేగంపేటలో విమానాశ్రయం గోడకు దగ్గరగా ఒక బస్తీ ఉంది. ఆ బస్తీలో ఒక కుటుంబం. నాయనమ్మ, ఆమె కొడుకు, కోడలు, వాళ్ల ఇద్దరు పిల్లలు.

నాయనమ్మ పెళ్లయి వచ్చినప్పటి నుంచి విమానాల కిందే బతికింది. విమానం దిగుతుంటే ఇంటి రేకులు అదిరేవి. మాట్లాడుతున్న మాట మధ్యలో ఆపేవాళ్లు. విమానం పోయాక మళ్లీ అందుకునేవాళ్లు. 2008 మార్చి 23 నుంచి ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు మారాయి. ఇప్పుడు బేగంపేటలో ఎక్కువగా సైనిక విమానాలు, పెద్దల ప్రత్యేక విమానాలే దిగుతాయి.

"ఇన్నేండ్లు విమానం కడుపే చూసిన. లోపల ఎట్లుంటదో చూడలే" అని నాయనమ్మ అంటూ ఉండేది.

ఆ మాట మనవరాలు పట్టుకుంది. విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున పెద్ద సైనిక విమానం ఉందని, టిక్కెట్టు కొని లోపలికి ఎక్కి చూడవచ్చని చెప్పింది. దసరా సెలవుల్లో అందరూ బయలుదేరారు. సికింద్రాబాద్‌లో సాయంత్రం రైలెక్కారు. దాదాపు 700 కిలోమీటర్ల దూరం. తెల్లవారి విశాఖలో దిగి, నేరుగా ఆర్‌.కె. బీచ్‌కు వెళ్లారు.

గేటు మూసి ఉంది. పక్కన బోర్డు ఉంది. కోడలు రెండేళ్ల కింద రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. బోర్డు ముందు నిలబడి కూడబలుక్కుంది. "సో-మ-వా-రం సె-ల-వు."

ఆ రోజు సోమవారమే.

భర్త నమ్మలేదు. "పొద్దుగాలనే కదా, ఇంకా తెరవలేదంతే" అన్నాడు. అందరూ ఎండలో గంటసేపు నిలబడ్డారు. చివరికి కాపలా మనిషి వచ్చి అదే మాట చెప్పాడు.

"నేను చదివిన్నా లేదా?" అంది కోడలు. భర్త జవాబు చెప్పలేదు. చాయ్ తెస్తానని వెళ్లాడు.

తిరుగు టిక్కెట్లు మంగళవారం రాత్రికి ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఆ రోజంతా బయటి నుంచే చూశారు. ఆ విమానం పేరు టీయూ-142. రష్యా వాళ్లు తయారుచేసింది. పొడవు 53 మీటర్లు. అంటే ఐదు సిటీ బస్సులు వరసగా నిలబెట్టినంత. రెక్కల వెడల్పు కూడా దాదాపు అంతే. నాలుగు ఇంజన్లు. ఒక్కో ఇంజనుకు రెండు పంకాలు, ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరుగుతుంది.

మన నౌకాదళం ఇలాంటి విమానాలను 1988లో తెచ్చుకుంది. 1992 నుంచి అవి తమిళనాడులోని అరక్కోణంలో ఉండేవి. 2017 మార్చి 29న వాటికి సెలవిచ్చారు. అందులో ఒకటి విశాఖకు ఎగిరి వచ్చింది. అంత పెద్ద విమానం రోడ్డు మీద ఎలా వస్తుంది? రెక్కలు, తోక, నడుము విడివిడిగా విప్పి తెచ్చి, బీచ్ దగ్గర మళ్లీ బిగించారు. 2017 డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ ప్రదర్శనశాలను ప్రారంభించారు.

రోడ్డుకు అవతల, ఇసుక మీద ఒక జలాంతర్గామి ఉంది. జలాంతర్గామి అంటే నీళ్ల కింద ప్రయాణం చేసే ఓడ. దాని పేరు కురుసుర. పొడవు 91 మీటర్లు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది. 2002 నుంచి జనం చూడటానికి ఉంచారు. ఒకటి నీళ్ల కింద దాక్కునేది. రెండోది దాక్కున్నదాన్ని వెతికేది. రెండూ ఎదురెదురుగా ఉన్నాయి.

ఓడ నీళ్లలో ఎలా మునుగుతుంది, మళ్లీ ఎలా లేస్తుంది? బిందెను తలుచుకోండి. ఖాళీ బిందె బావిలో తేలుతుంది. నీళ్లు నిండితే మునుగుతుంది. జలాంతర్గామిలో పెద్ద పెద్ద తొట్లు ఉంటాయి. వాటిలోకి సముద్రం నీళ్లు వదిలితే ఓడ కిందికి పోతుంది. గాలిని గట్టిగా ఊది ఆ నీళ్లను బయటికి తోస్తే పైకి వస్తుంది. నీళ్ల కింద కురుసుర బ్యాటరీలతో నడిచేది. అందుకే చప్పుడు తక్కువ.

మంగళవారం మధ్యాహ్నం టిక్కెట్లు కొని లోపలికి వెళ్లారు. చూపించే ఆయన చెప్పాడు. "ఈ విమానం సముద్రం మీద పదేసి గంటలు తిరిగి, కింద జలాంతర్గామి ఎక్కడుందో చెవులతో విని పట్టుకునేది."

నాయనమ్మ నవ్వింది. "విమానం చప్పుడు నాకు తెల్వదా? నేల మీదున్న మాకే చెవులు గింగురుమనేటివి. పైన కూసుంటే ఏం ఇనబడతది?"

మంచి ప్రశ్న. చాలామందికి ఈ అనుమానం రాదు. నిజానికి విమానం తన చెవులతో వినదు. చెవులను సముద్రంలోకి జారవిడుస్తుంది. ఆ చెవి పేరు సోనోబోయ్. చూడటానికి పొడవాటి గొట్టంలా ఉంటుంది. దాన్ని పైనుంచి వదిలితే చిన్న గొడుగు విచ్చుకుని మెల్లగా నీళ్లలో పడుతుంది. పడ్డాక సగం పైన తేలుతుంది. మిగతా సగం తీగ పట్టుకుని లోతుకు దిగుతుంది. కింది భాగంలో మైకు ఉంటుంది. పై భాగంలో చిన్న రేడియో ఉంటుంది. మైకు విన్న చప్పుడును రేడియో విమానానికి పంపుతుంది. లోపల కూర్చున్నవాళ్లు చెవులకు తగిలించుకుని వింటారు.

చూసి పట్టుకోవచ్చు కదా అంటారేమో. సముద్రం లోతుకు వెలుతురు పోదు. రేడియో తరంగాలూ పోవు. చప్పుడు మాత్రం పోతుంది. గాలిలో చప్పుడు సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతే, నీళ్లలో 1500 మీటర్లు పోతుంది. చెరువులో మునిగి ఉన్నప్పుడు ఎవరైనా నీళ్ల కింద రెండు రాళ్లు కొడితే చెవి పక్కనే కొట్టినట్టు వినబడుతుంది.

కానీ చప్పుడు వినబడితే చాలదు. ఏ చోటి నుంచి వస్తోందో తెలియాలి. అందుకే సోనోబోయ్‌లను చాలా చోట్ల వేస్తారు. మేక తప్పిపోయిందనుకోండి. ఒకరు ఈ గట్టు మీద, ఇంకొకరు ఆ గట్టు మీద నిలబడి దాని అరుపు వింటారు. ఇద్దరూ చూపించిన దిక్కులు ఎక్కడ కలిస్తే మేక అక్కడుంటుంది. ఇదీ అంతే.

ఆ తర్వాత మెట్లెక్కి విమానం లోపలికి పోయారు. బయట అంత పెద్దది. లోపల నడవడానికి ఒక్క మనిషి పట్టే దారి. ఎటు చూసినా తీగలు, మీటలు, గడియారాల్లాంటి బిళ్లలు. "గింత విమానంల మనుషులకు గింతే జాగనా?" అంది నాయనమ్మ. బస్సులో లాగా వరసగా సీట్లు ఉంటాయని ఆమె అనుకుంది.

అదే రోడ్డులో ఒక యుద్ధ స్మారకం కూడా ఉంది. 1971 డిసెంబరు యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గరే మునిగిపోయింది. అందులోని వాళ్లెవరూ బతకలేదు. మనవడు చప్పట్లు కొట్టాడు. నాయనమ్మ వాడి చెయ్యి పట్టుకుని ఆపింది. "వాళ్లను కన్నోళ్లు ఎట్ల ఏడ్చిన్రో" అంది. పిల్లలను ఇలాంటి చోటికి తీసుకెళితే ఈ మాట కూడా చెప్పాలి. ఆయుధాల ముందు నిలబెట్టి ఫోటో తీయించడం ఒక్కటే కాదు.

తిరుగు రైల్లో మనవరాలు అడిగింది. "ఆడవాళ్లు ఇసుంటివి నడుపుతారా?"

నడుపుతున్నారు. 2016 జూన్ 18న అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన దేశంలో మొదటి మహిళా యుద్ధ విమాన పైలట్లుగా శిక్షణ ముగించి వైమానిక దళంలో చేరారు. 2019 డిసెంబరు 2న కొచ్చిలో శివాంగి నౌకాదళంలో మొదటి మహిళా పైలట్ అయింది. ఆమె నడిపే డోర్నియర్ విమానం కూడా సముద్రం మీద నిఘా పెట్టేదే. ఇదంతా మనవరాలి సామాన్య శాస్త్రం పుస్తకంలో లేదు. ప్రదర్శనశాలలో కొన్న పుస్తకం లోంచీ కాదు. రైల్లో ఎదురు సీటులో కూర్చున్న ఆవిడ చెప్పింది.

"ఆ ముగ్గురు పిల్లలు యాడ నేర్చుకున్నరు?" అని నాయనమ్మ అడిగింది.

"దుండిగల్‌లో. అక్కడి వైమానిక దళ అకాడమీలోనే ఆ రోజు పట్టా తీసుకున్నారు."

"మన దుండిగలా? బేగంపేట నుంచి బస్సుల పోతే గంటన్నరే కదా! గింత దూరం ఎందుకు తెచ్చిన్రే నన్ను?"

అక్కడ ఎవరిని పడితే వాళ్లను లోపలికి రానివ్వరని కోడలు చెప్పింది. నాయనమ్మ కాసేపు ఆలోచించింది.

"చేరెటోళ్లను రానిస్తరు కదా" అంది మనవరాలి వైపు చూసి.