నయం కాని జబ్బులోనూ తగ్గే నొప్పి

“నయం కాదని డాక్టర్లే చెప్పాక ఇంకా కరెంటు పెట్టించడం దేనికి? ఉన్న నాలుగు రోజులూ ఇంటి పట్టున ప్రశాంతంగా ఉండనివ్వండి.” మన ఇళ్లలో ఈ మాట ప్రేమతోనే వస్తుంది. అయినా మేము దీనితో ఏకీభవించలేము. క్యాన్సర్ వెన్నెముకకు పాకిన మనిషికి దొరకనిది ఆ ప్రశాంతతే. పక్కకు ఒత్తిగిలితే నొప్పి, లేచి కూర్చుంటే నొప్పి. రుకూకు వంగలేరు, సజ్దా చేయలేరు. కూర్చుని, అదీ కుదరకపోతే పడుకుని నమాజు చేసే వెసులుబాటును ధర్మం ఇచ్చింది. అంతేగాని వైద్యం మానుకొని నొప్పిని భరించడమే సహనమని చెప్పలేదు.

రొమ్ము, ప్రొస్టేట్, ఊపిరితిత్తుల క్యాన్సర్లు తరచుగా వెన్నెముకకు పాకుతాయి. నొప్పి ఉన్న చోటికే రేడియేషన్ ఇస్తే పది మందిలో సుమారు ఆరుగురికి ఉపశమనం కలుగుతుంది. దీని ఉద్దేశం జబ్బును నయం చేయడం కాదు. మనిషి నిద్రపోగలగడం, కూర్చోగలగడం.

మన ప్రాంతంలో రేడియేషన్ అనగానే ఆరేడు వారాల పాటు రోజూ తిరగడమే గుర్తుకొస్తుంది. నరసాపురం నుంచో అమలాపురం నుంచో కదలలేని మనిషిని కారెక్కించి, కాలువగట్ల గతుకుల మీదుగా రాజమహేంద్రవరం దాకా రోజూ ఎలా తీసుకెళ్లగలమని ఇంటివారు వెనుకాడతారు. అది న్యాయమైన భయమే. కాని ఎముక నొప్పికి చాలామందికి ఒక్కరోజు, ఒకే మోతాదు (8 గ్రే) సరిపోతుంది. ఐదు లేక పది రోజుల చికిత్సతో పోల్చిన పరిశోధనల్లో నొప్పి దాదాపు ఒకే తీరున తగ్గింది. తేడా ఒక్కటే: ఒకే మోతాదు పొందినవారిలో నూటికి 20 మందికి, ఎక్కువ రోజులు పొందినవారిలో 8 మందికి మళ్లీ చికిత్స అవసరమైంది. కనుక “ఒక్కరోజుతో సరిపోతుందా డాక్టరు గారూ?” అని అడగడానికి మొహమాటపడకండి.

రాజానగరంలోని జీఎస్ఎల్ క్యాన్సర్ ఆసుపత్రిలో, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ సౌకర్యం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో ఈ చికిత్సకూ చోటుంది.

చికిత్స తరువాత మొదటి రెండు మూడు రోజులు కొందరికి నొప్పి పెరుగుతుంది. దాన్ని చూసి “కరెంటు వికటించింది” అనుకోవద్దు. పూర్తి ఫలితానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. అంతవరకు డాక్టరు రాసిన మార్ఫిన్‌ను ఆపకూడదు. మత్తుమందు కదా, హరామ్ కాదా అని కొందరు సందేహిస్తారు. అవసరం మేరకు, వైద్యుని పర్యవేక్షణలో వాడే నొప్పిమందును ధర్మవేత్తలు అనుమతించారు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం కూడదు. కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం బిగిసినా వెన్నుపాము నలుగుతోందేమోనని అనుమానించాలి. నడవగలిగి ఉండగా చికిత్స అందినవారిలో ఎక్కువమంది నడక నిలుపుకుంటారు. కాళ్లు పూర్తిగా పడిపోయాక వెళ్లినవారిలో తిరిగి నడిచేవారు తక్కువ. తెల్లవారనిద్దామని ఆగకుండా ఆ రాత్రే బయలుదేరండి. వెన్ను వంగకుండా వెల్లకిలా పడుకోబెట్టండి. పాత స్కాన్లు, రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ వెంట ఉంచుకోండి.