కమ్యూనికేషన్ శాఖలలో ప్రవేశము: తెలుగు విద్యార్థి ఆలోచింపవలసిన విషయములు

తెలుగు ఎం.ఏ. ముగించిన విద్యార్థులలో కొందఱు కమ్యూనికేషన్ శాఖలలో చేరుటకు ఉత్సాహపడుచున్నారు. వీరిలో హైదరాబాదు నగరమున మధురానగరమునందో, దాని చేరువనున్న కృష్ణానగరమునందో గది అద్దెకు తీసికొని, చలనచిత్ర రచనకో, వార్తాసంస్థలలో ఉద్యోగమునకో ప్రయత్నించువారును గలరు. “భాష వచ్చును, వ్రాయగలను, సినిమాలు చూచితిని, దరఖాస్తునకు ఇంకేమి కావలెను?” అని వీరు తమ అధ్యాపకుల నడుగుట కలదు. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

మొదట ఆ శాస్త్ర మెట్టిదో తెలిసికొనవలెను. మన దేశమున జర్నలిజము విద్యావిషయముగా 1938లో అలీగఢ్‌లోను, 1941లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయమునందును మొదలయ్యెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1954లో జర్నలిజము శాఖ ఏర్పడినది. ఇంతలో అమెరికాలో మఱియొక మార్గము తెఱచుకొన్నది. విల్బర్ ష్రామ్ 1947లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున కమ్యూనికేషన్ పరిశోధనకు ప్రత్యేకసంస్థను నెలకొల్పెను. ఈ రెండు మార్గములకును గల భేదము గుర్తింపదగినది. వార్తను ఎట్లు వ్రాయవలెనని జర్నలిజము నేర్పును. ఆ వార్తను ఎవరు, ఎవరికి, ఏ సాధనముద్వారా చెప్పుచున్నారు, విన్నవారు దానిని ఏమని గ్రహించుచున్నారు, చెప్పు నధికారము ఎవరి చేతిలోనున్నది అని కమ్యూనికేషన్ శాస్త్రము విచారించును.

చలనచిత్ర శిక్షణ ఈ రెంటికంటెను భిన్నము. జూబిలీహిల్సు ప్రాంతమునందలి అన్నపూర్ణ స్టూడియో 1976లో ప్రారంభమైనది; దాని ఆశ్రయమున 2011లో వెలసిన కళాశాల చలనచిత్ర నిర్మాణమున శిక్షణ నిచ్చును. కెమెరా పట్టదలచినవాడు అట్టి కళాశాలకు పోవుట యుక్తము. అతడు విశ్వవిద్యాలయపు కమ్యూనికేషన్ శాఖలో, ముఖ్యముగా పరిశోధనకు, చేరినచో అతనికిని నిరాశయే, శాఖకును నిరాశయే. కావున దరఖాస్తు నింపుటకు పూర్వమే తనకు కావలసినది వృత్తియా, శాస్త్రమా అని నిశ్చయించుకొనవలెను.

ఇక ప్రవేశద్వారములు. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయమున, 1988లో స్థాపింపబడిన సరోజినీ నాయుడు స్కూలునందు కమ్యూనికేషన్ శాఖ కలదు. కేంద్రీయ విశ్వవిద్యాలయముల స్నాతకోత్తర ప్రవేశమునకు 2022 నుండి అఖిల భారత స్థాయిలో సి.యు.ఇ.టి. జరుగుచున్నది. ఇందు సరియైన జవాబునకు నాలుగు మార్కులు లభించును. తప్పు జవాబునకు ఒక మార్కు తగ్గును. తెలంగాణములోని రాష్ట్ర విశ్వవిద్యాలయములకు సి.పి.గెట్, ఆంధ్రప్రదేశములోని వానికి పి.జి.సెట్ కలవు. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయమునందు జర్నలిజము తెలుగుననే చదువవచ్చును. ఆ విశ్వవిద్యాలయమునకు 2025లో గోలకొండ పత్రిక తొలి సంపాదకుడైన సురవరము ప్రతాపరెడ్డి పేరు పెట్టబడినది.

ఎం.ఏ. ప్రవేశమునకు చాలవఱకు పరీక్షయే ప్రధానము. పరిశోధన ప్రవేశమున స్థితి వేఱు. 2024 జూను నుండి నెట్ మార్కులు పిహెచ్.డి. ప్రవేశమునకును పరిగణింపబడుచున్నవి. జె.ఆర్.ఎఫ్. లేనివారి విషయమున ఆ మార్కులకు నూటికి 70 పాళ్లును, ముఖాముఖి పరీక్షకు 30 పాళ్లును విలువ. ఆ ముఖాముఖిలో పరిశోధన ప్రణాళికయే అభ్యర్థికి అండ. అమెరికా విశ్వవిద్యాలయములకు దరఖాస్తు చేయువారు ఉద్దేశ్యలేఖను, సాధారణముగా ముగ్గురు అధ్యాపకుల సిఫారసు లేఖలను, ఆంగ్లభాషా పరీక్షా ఫలితమును పంపవలసియుండును. కొన్ని శాఖలు అభ్యర్థి వ్రాసిన వ్యాసమునొకదానిని గూడ కోరును.

ఉద్దేశ్యలేఖలో మనవారు చేయు పొరపాటు ఒకటి తఱచుగా కనబడును. “బాల్యమునుండి నాకు సినిమాలన్న మక్కువ, ఈ విద్యద్వారా సమాజమునకు సేవ చేయదలచితిని” అని వ్రాయుదురు. ఇది కోరికయే గాని ప్రశ్న గాదు. ఎంపిక చేయువారు అభ్యర్థి మక్కువను పరీక్షింపజాలరు. అతడు వేసిన ప్రశ్నను మాత్రమే పరీక్షింపగలరు. అదే విద్యార్థి కృష్ణానగరమున తాను చూచినదానినే మఱియొక విధముగా వ్రాయవచ్చును. ఉదాహరణకు: “చిత్రీకరణలకు జూనియర్ ఆర్టిస్టులు కావలెనన్న వార్త వారికి ఎవరిద్వారా చేరుచున్నది? పూర్వము మనిషి వచ్చి చెప్పిన మాట నేడు ఫోనులోని సందేశముగా మాఱినపుడు మధ్యవర్తి పలుకుబడి తగ్గెనా, పెరిగెనా?” ఇందు ప్రశ్న యున్నది, సామగ్రి యున్నది, దానిని సేకరించు తావును ఉన్నది. ఏ పద్ధతిని సేకరించునో, ఆ శాఖలో ఏ ఆచార్యుని కృషికి తన ప్రశ్న దగ్గఱగా నున్నదో చేర్చినచో లేఖ పూర్తియగును. ఇందులకు ఆయా శాఖల ఆచార్యుల రచనలలో రెండుమూడైనను ముందుగా చదివియుండుట అవసరము.

ఇట్టి ప్రశ్నలకు తెలుగునేల కొత్తది గాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వఱకు ఉపగ్రహముద్వారా గ్రామములకు టెలివిజను ప్రసారములు చేసిన ‘సైట్’ ప్రయోగము ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములయందు జరిగినది. వానిలో ఆంధ్రప్రదేశమును ఒకటి. 2008 అక్టోబరులో జహీరాబాదు ప్రాంతమున దళిత స్త్రీలు నడుపు సంగం రేడియో ప్రారంభమైనది. మొదటిదానిలో గ్రామము శ్రోత. రెండవదానిలో గ్రామమే వక్త. ఈ రెంటి నడుమ జరిగిన మార్పును విచారించుటకు సిద్ధాంతజ్ఞాన మెంత అవసరమో, ఆ స్త్రీల పలుకుబడిలోని అర్థచ్ఛాయలను గుర్తింపగల తెలుగును అంత అవసరము. మాండలికములు, జానపద కథనములు, ఛందస్సు, వచనశైలి చదివిన విద్యార్థికి ఈ రెండవ సాధనము ముందే చేతనున్నది. అతడు దానిని దరఖాస్తులో చెప్పుకొనుటకు సంకోచించుచున్నాడు.

సంకోచమునకు కారణము లేకపోలేదు. నెట్ పరీక్షలో ఈ విషయపు ప్రశ్నపత్రము ఆంగ్ల హిందీ భాషలలోనే యుండును. పారిభాషిక పదములన్నియు ఆంగ్లమున నేర్వవలసినవే. ఈ కష్టమును తక్కువచేసి చెప్పుట మా యభిమతము గాదు. కాని దీనికి మార్గము కలదు. ఒక సంవత్సరము ముందుగా మూలగ్రంథములను ఆంగ్లమున చదువుచు, ప్రతి ప్రకరణమునకు తెలుగున సారాంశము వ్రాసికొని, దానినే మరల ఆంగ్లమున చెప్పుట అభ్యసింపవలెను. ఇందువలన పదము వచ్చును, భావమును నిలుచును. ఎం.ఏ.లో వ్రాసిన లఘుసిద్ధాంత వ్యాసమునందలి ఒక ప్రకరణమును ఆంగ్లమున తిరిగి వ్రాసికొన్నచో, వ్యాసము కోరు శాఖలకు పంపుటకు అక్కఱకు వచ్చును.

ఇందు అధ్యాపకుల బాధ్యతయు కలదు. “ఇతడు మంచి నడవడి గలవాడు, శ్రద్ధాళువు” అను సిఫారసు లేఖ ఎవ్వరికైనను సరిపోవును. అందుచేత ఎవ్వరికిని ఉపకరింపదు. విద్యార్థి ఏ వ్యాసమున ఏ విషయమును స్వయముగా కనుగొనెనో, ఏ పొరపాటును ఎట్లు దిద్దుకొనెనో రెండు వాక్యములలో చెప్పిన లేఖ విలువైనది. అట్టి లేఖ వ్రాయుటకు విద్యార్థి తన ప్రణాళికను గడువునకు ఒక నెల ముందే అధ్యాపకునికి చూపవలెను. చూపిన ప్రణాళికను అధ్యాపకుడు చదువవలెను.

తెలుగు పత్రికలు, చలనచిత్రములు, ప్రసారములు నేడు కోట్లమందిని చేరుచున్నవి. వానిని శాస్త్రదృష్టితో పరీక్షించువారు తెలుగు చదువనివారే యైనచో, ఆ పరీక్ష అనువాదములమీదను, సంగ్రహములమీదను ఆధారపడును. మన మాటలకు అర్థము మనము లేనిచోట నిర్ణయింపబడును. కావున తెలుగు విద్యార్థి ఈ శాఖలలో అడుగిడుట అతని జీవనోపాధికి సంబంధించిన విషయము మాత్రమే గాదు. అతడు తన భాషను దరఖాస్తులో లోపముగా గాక అర్హతగా పేర్కొనవలెనని మేము కోరుచున్నాము.