లాంగ్ రన్ అంటే ఎన్ని కిలోమీటర్లు?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వెళ్తుంటే విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ వస్తుంది కదా, అక్కడి వీఎం హోమ్ గ్రౌండ్‌లోనే నా రన్నింగ్. ఆదివారం పది కిలోమీటర్లు, గంటా పది నిమిషాలు. నా లాంగ్ రన్ అదే.

కానిస్టేబుల్ జాబ్‌కి ప్రిపేరయ్యే తమ్ముడొకడు "అన్నా, నాది పదహారు వందల మీటర్లే" అన్నాడు. "అంతేనా!" అని నవ్వేశా. బుద్ధి తక్కువై.

తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. అంటే కిలోమీటరు దాదాపు నాలుగున్నర నిమిషాల్లో! నాకు ఏడు పడుతుంది. ట్రై చేశా, కిలోమీటరు దాటేసరికి ఊపిరి అందలేదు.

అథ్లెటిక్స్ లెక్కలో 1500 మీటర్లు మిడిల్ డిస్టెన్స్. 5000, 10000 లాంగ్. 42.195 కిలోమీటర్ల మారథాన్‌కి ప్రాక్టీస్ చేసేవాళ్లకి నా పది మామూలు రోజు పరుగు. అసలు ట్రైనింగ్‌లో లాంగ్ రన్ అంటే ఆ వారంలో మీరు పరిగెత్తే అన్నిటికన్నా పెద్ద పరుగు, మాట్లాడుకుంటూ పోయే స్పీడ్‌లో. మొన్నే మొదలుపెట్టినవాళ్లకి అది మూడు కిలోమీటర్లే కావచ్చు.

నేను ఆగిపోతే మళ్లీ ఆదివారం ఉంది. తమ్ముడు ఆగితే జాబ్ పోతుంది. నిన్న వాడి టైమ్ 7:24. ఇంకా 9 సెకన్లు తగ్గాలి.