గుంజీలు తెచ్చిన గండం

మా అబ్బాయికి 20 ఏళ్లు. సెలవులకి ఇంటికొచ్చి, స్నేహితులతో పందెం కాసి ఒక్క పూటలో 300 గుంజీలు తీశాడు. అంతకుముందు ఆరు నెలలుగా ఒళ్లు వంచింది లేదు.

మర్నాడు తొడలు పట్టేశాయన్నాడు. "అలవాటు లేదు కదరా, సర్దుకుంటుందిలే" అని కాపడం పెట్టాను. మూడోరోజుకి తొడలు వాచిపోయి, మెట్లు దిగలేక గోడ పట్టుకున్నాడు. మూత్రం డికాషన్ రంగులో వస్తోందని సిగ్గుపడుతూ చెప్పాడు. వేడి చేసిందనుకుని బార్లీ నీళ్లు కాచాను. నొప్పుల మాత్ర కూడా ఇవ్వబోయాను. నర్సుగా పనిచేసే మా ఆడపడుచు ఫోన్లో సంగతి వినగానే, "వదినా, ఆ మాత్ర వెయ్యకు. ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లు" అంది.

డాక్టరుగారు చెప్పాక అర్థమైంది. అలవాటు లేని శ్రమ ఒక్కసారిగా చేస్తే కండరాలు లోపల చితికిపోతాయట. వాటిలోని మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూత్రానికి ఆ రంగు దానివల్లే. ఈ జబ్బు పేరు రాబ్డోమయోలైసిస్. రక్తంలో సి.కె. పరీక్ష చేస్తే తెలుస్తుంది. సాధారణంగా అది 1000 దాటితే ఈ జబ్బని అనుమానిస్తారు. మావాడికి 40 వేలు దాటింది!

చికిత్సలో ముఖ్యమైనది సెలైన్. ఎంత మూత్రం వస్తోందో కొలుస్తూ ఎక్కించారు. చూడవచ్చినవాళ్లు కొబ్బరిబొండాలు తెస్తే డాక్టరుగారు వద్దన్నారు. చితికిన కండరాల నుంచి పొటాషియం రక్తంలోకి వస్తుంది, అది ఎక్కువైతే గుండెకే ప్రమాదం. కొబ్బరినీళ్లలోనూ పొటాషియం ఉంటుంది కదా! మూత్రపిండాలు పనిచెయ్యకపోతే డయాలిసిస్ చెయ్యాల్సి వచ్చేది. దేవుడి దయవల్ల అంతదాకా రాలేదు. అయిదోరోజు ఇంటికి పంపారు.

ఇంటికొచ్చాకా జాగ్రత్త తప్పలేదు. పరీక్షలు మామూలుగా వచ్చేదాకా విశ్రాంతే. తరువాత పది నిమిషాల నడక, ఆపైన వారాల మీద మెల్లిగా కసరత్తు. నొప్పి గానీ, ఆ రంగు గానీ మళ్లీ కనిపిస్తే వెంటనే ఆపి రమ్మన్నారు.

గుర్తుంచుకోండి:

* కసరత్తు ఏదైనా కొద్దికొద్దిగా పెంచాలి. ఎండలోనూ, జ్వరంలోనూ వద్దు.

* విపరీతమైన నొప్పి, వాపు, నీరసం, టీ రంగు మూత్రం కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. మూత్రం రంగు మారకపోయినా మిగతావి ఉంటే ఆలస్యం చెయ్యకూడదు.

* డాక్టర్ని అడగకుండా నొప్పుల మాత్రలు వెయ్యకండి. కొన్ని మూత్రపిండాలకు మరింత చేటు.

పిల్లలకే కాదు, పెళ్లిళ్ల ముందు నాలుగు రోజుల్లో సన్నబడాలని తొందరపడే మనకీ ఈ మాట వర్తిస్తుంది సుమండీ!