నేలబారు కారును బండికెక్కించడం

నేలకూ కారు అడుగుభాగానికీ మధ్యనుండే ఖాళీని గ్రౌండ్ క్లియరెన్సు అంటారు. మామూలు చిన్న కార్లలో ఇది 160 మిల్లీమీటర్లకు అటూఇటుగా ఉండగా, స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి 100 నుంచి 130 మిల్లీమీటర్లే ఉంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిర్దేశించిన స్పీడ్ బ్రేకర్ ఎత్తే 100 మిల్లీమీటర్లు కాబట్టి (మన వీధుల్లో ఆ లెక్క ఎంతవరకు పాటిస్తున్నారన్నది వేరే సంగతి), ఇలాంటి కారు హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డుపై ఆగిపోయినప్పుడు, అసలు మరమ్మతు కంటే తరలింపులో తగిలే దెబ్బకే ఎక్కువ ఖర్చయ్యే ప్రమాదముంది.

రెండు చక్రాలను పైకెత్తి మిగతా రెండింటిపై ఈడ్చుకుపోయే టోయింగ్ బండి ఈ పనికి తగదు. ఒక కొస లేచినప్పుడు రెండో కొసనున్న బంపరు నేలకు రాసుకుంటుంది. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే కార్లలోనైతే, రెండు చక్రాలు తిరుగుతూ రెండు నిలిచిపోవడం వల్ల ముందు వెనుక ఇరుసులను కలిపే యంత్రభాగం వేడెక్కి పాడవుతుంది. అందువల్ల కారును మొత్తంగా మోసుకుపోయే ఫ్లాట్‌బెడ్ లారీనే పిలిపించాలి, ఆ మాట సహాయకేంద్రానికి ఫోను చేసినప్పుడే స్పష్టంగా చెప్పాలి.

అసలు చిక్కు కారును ఎక్కించడంలో ఉంది. ముందు చక్రం నేలను తాకేచోటి నుంచి బంపరు కొసకు 90 సెంటీమీటర్ల దూరం, బంపరు అంచు ఎత్తు 11 సెంటీమీటర్లు అనుకుంటే, వాలు 7 డిగ్రీలు దాటగానే చక్రాల కంటే ముందు బంపరే దానికి తగులుతుంది. లారీ బల్లను 12 డిగ్రీల వాలుకు దించారనుకుందాం. రెండు మీటర్ల గట్టి చెక్క పలకలను ఒక కొన నేలపై, మరో కొన సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తున బల్లపై ఆనేలా పరచి, కింద దిమ్మెలు పెడితే, ఆ వాలు ఆరేసి డిగ్రీల చొప్పున రెండు మెట్లుగా విడిపోయి, బంపరు తగలకుండా చక్రాలు పైకి సాగుతాయి. ముక్కును కాస్త పైకెత్తే లిఫ్ట్ సదుపాయం కొన్ని కార్లలో ఉన్నా, బ్యాటరీ పూర్తిగా దిగిపోతే అది పనిచేయదు. విద్యుత్తుతో నడిచే హ్యాండ్ బ్రేకు కూడా అప్పుడు విడవదు కాబట్టి, ముందుగా బయటి బ్యాటరీతో కారుకు కరెంటు అందించి, గేరును న్యూట్రల్‌లో పెట్టాలి.

కారును లాగే విన్చి, అంటే ఉక్కుతాడు చుట్టుకునే యంత్రం, కొక్కేన్ని సస్పెన్షన్ కడ్డీలకు తగిలించడం తప్పు. బంపరులోని చిన్న మూతను తీసి, పనిముట్ల సంచిలో ఉండే టో హుక్కును ఆ రంధ్రంలో చివరిదాకా బిగించి, దానికే తగిలించాలి. కొన్ని కార్లలో ఈ మర ఎడమవైపుకు తిరుగుతుంది గనుక, బిగియడం లేదని బలవంతం చేయకుండా మాన్యువల్ చూడడం మేలు. ఇంజను ఆగినప్పుడు బ్రేకు పెడలు రాయిలా గట్టిపడుతుంది కాబట్టి, విన్చిని అంగుళం అంగుళంగా నడపాలి.

పైకెక్కాక పట్టీలను కారు చట్రానికి కాక టైర్ల మీదుగా బిగిస్తే, గతుకుల్లో సస్పెన్షన్ తన పని తాను చేసుకుంటుంది, పట్టీలు వదులుకావు. దించేటప్పుడు కారు వెనక్కి వస్తుంది గనుక ముక్కు చివర దిగుతుంది, సర్వీసు సెంటర్ దగ్గర తొందరలో చాలామంది మళ్లీ పరచడం మరిచిపోయే ఆ పలకలు అప్పుడూ అంతే అవసరం.