నడిమి దారము

మన తల్లులు రోజూ ఉదయం ఆడపిల్లలకు మూడు పాయల జడ వేస్తారు. మగ్గం లేదు, సూది లేదు; వేళ్ళే పనిముట్లు. ఇదే జడ పనిని దారముతో చేసి పట్టీలు, టోపీలు, సంచులు అల్లుకున్నవారు లోకములో అనేక చోట్ల ఉన్నారు. ఆ పనిని, అందులో మన కుటుంబములకున్న పాఠమును ఈ నెల చూద్దాము.

ముందుగా ఐదు పాయలు

ఐదు రంగుల లావుపాటి దారములను ఒక ముడిగా వేసి మేకుకు తగిలించండి. ఎడమ చేత మూడు, కుడి చేత రెండు పట్టండి. ఎడమ అంచు దారమును ప్రక్కనున్న రెండింటి మీదుగా తెచ్చి కుడి చేతి దారములలో లోపలి వైపున చేర్చండి. ఇప్పుడు కుడి చేత మూడయ్యాయి. కుడి అంచు దారమును అదే విధముగా రెండింటి మీదుగా ఎడమకు తెండి. ఇలాగే సాగించండి. ప్రతి దారము రెండింటి మీదుగా, తరువాత రెండింటి క్రిందుగా పోతుంది. జీన్స్ గుడ్డ మీద కనిపించే ఏటవాలు గీతలకు మూలము ఇటువంటి అల్లికే. దీనిని ట్విల్ అంటారు.

రెండు కొనలూ కట్టిన అల్లిక

చేయి కుదిరిన తరువాత స్ప్రాంగ్ అనే పని నేర్వవచ్చును. దీనిలో దారములను చట్రము మీద రెండు కొనలా బిగిస్తారు. ఒక కొన దగ్గర వేళ్ళతో దారములను దాటించి, వరుస జారకుండా సన్నని పుల్ల దూర్చుతారు. అప్పుడు రెండవ కొన దగ్గర కూడా అదే అల్లిక, అద్దములో వలె తిరుగబడి, దానంతటదే ఏర్పడుతుంది. రెండు కొనల నుండి అల్లిక పెరుగుతూ వచ్చి నడుమ కలుస్తుంది. అక్కడ ఒక దారము దూర్చి కట్టాలి. ఆ కట్టు లేకుండా పుల్లలు తీస్తే ఎన్నో దినముల పని క్షణములో విడిపోతుంది.

ఈ పని చాలా పాతది. డెన్మార్కులోని బోరుమ్ ఎషోయ్ దిబ్బలో 1871లో బయటపడిన ఒక స్త్రీ సమాధిలో ఇటువంటి తలవల దొరికింది. అది మూడు వేల ఏండ్లకు పైబడినది. ఐగుప్తులో క్రైస్తవ సంఘము వర్ధిల్లిన తొలి శతాబ్దముల నాటి టోపీలు కూడా దొరికాయి. మన దేశములో పంజాబు స్త్రీలు సల్వారు నాడాలు ఈ విధముగానే అల్లేవారు.

మన ఇంటి మాట

ఒక కొన దగ్గర దారము తప్పితే రెండవ కొన దగ్గరా తప్పుతుంది. దిద్దాలంటే రెండు వైపులా విప్పుకుంటూ రావాలి. పని కోసము పట్నము వెళ్ళిన తండ్రి అక్కడ ఎలా నడుచుకుంటాడో, దాని నీడ ఊరిలోనున్న ఇంటి మీద పడుతుంది. తల్లి నోటి మాట బిడ్డ నోట వినిపిస్తుంది. కష్టపడి ఇల్లు కట్టి, పిల్లలను చదివించి, నడిమి దారము కట్టని కుటుంబములు మన సంఘములలో ఎన్ని లేవు? ఆ దారము కుటుంబ ప్రార్థన.

ఈ సెలవులలో ఆడపిల్లలతో పాటు మగపిల్లలనూ కూర్చోబెట్టి ఐదు పాయలు నేర్పండి. పని ముగిసిన సాయంకాలము, దీపము దగ్గర, అందరూ కలిసి మోకరించండి. దూరమున ఉన్నవారిని పేరు పెట్టి దేవునికి అప్పగించండి.