చావాల్సిన కణం చావనంటే...

పిడుగురాళ్ల అనగానే సున్నం బట్టీలు గుర్తొస్తాయి. ఆ దుమ్ము వల్లే కీళ్లవాతం వస్తుందా? సున్నపు దుమ్ము కళ్లనూ గొంతునూ మండిస్తుంది గానీ, రుమటాయిడ్ కీళ్లవాతం, లూపస్ లాంటి ఆటో ఇమ్యూన్ (రక్షణ కణాలే సొంత ఒంటి మీద పడే) జబ్బులతో సంబంధం తేలింది సిలికా దుమ్ముకు. గట్టి రాయి పగలగొట్టేచోట లేచేది అదే. ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు చెడే సిలికోసిస్ రోగుల రక్తంలో 'ఫాస్' అనే ప్రొటీన్ విడిగా తిరుగుతూ ఎక్కువగా కనిపించిందని జపాన్ పరిశోధకులు చెప్పారు. కణం మీద ఉన్న ఫాస్‌కు "నీ పని అయిపోయింది, చావు" అనే కబురు అందాలి. విడిగా తిరిగే ఫాస్ ఆ కబురును దారిలోనే పట్టేస్తుంది.

నిజానికి కణం చావడం శరీరానికి అవసరమే. గుండె పైన ఉండే థైమస్ గ్రంథిలో ఎదిగే రక్షణ కణాలైన టి కణాల్లో నూటికి 95 దాకా అక్కడే చస్తాయి. ఇంత కఠినమైన పరీక్ష ఏ ఎంసెట్‌లోనూ లేదు!

ఫాస్ జన్యువు పుట్టుకతోనే చెడితే పిల్లల్లో లింఫు గ్రంథులు, ప్లీహం ఉబ్బుతాయి. రక్షించాల్సిన కణాలే సొంత రక్తకణాల మీద పడతాయి. ఆ లోపం 1995లో దొరికింది.

చావు కబురే కాదు, బతుకు కబురూ ఉంది. యాంటీబాడీలు తయారుచేసే బి కణాలను బతికించే 'బాఫ్' ప్రొటీన్ 1999లో బయటపడింది. అది అతిగా ఉన్న ఎలుకలకు లూపస్ లాంటి జబ్బు వచ్చింది. బాఫ్‌ను అడ్డుకునే బెలిముమాబ్‌కు 2011లో అమెరికాలో అనుమతి దొరికింది. అంతకుముందు యాభై ఏళ్లకు పైగా లూపస్‌కు కొత్త మందే లేదు. ఇటలీలోని సార్డీనియా దీవి కథ ఇంకా విచిత్రం. బాఫ్‌ను పెంచే జన్యు మార్పు అక్కడ చాలామందిలో ఉంది. ఒకప్పుడు మలేరియా నుంచి కాపాడి ఉంటుందని 2017లో పరిశోధకులు ఊహించారు. ఇప్పుడదే లూపస్ ముప్పు పెంచుతోంది.

బి కణాలను తుడిచేసే రిటుక్సిమాబ్‌కు మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే 'రెడిటక్స్' పేరుతో చవక రూపం తెచ్చింది. చిక్కేమిటంటే, వాడుకునే బి కణాలు లేక బాఫ్ రక్తంలో పేరుకుపోతుంది. తర్వాత పుట్టే బి కణాలకు అదో విందు.

కీళ్లవాతానికి మొదట రాసే మెథోట్రెక్సేట్ భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిందే. రెచ్చిపోయిన టి కణాలను చావు దారి పట్టించడం అది చేసే పనుల్లో ఒకటి. సుబ్బారావు 1948లో కన్నుమూశారు. కీళ్లవాతానికి అమెరికా అనుమతి 1988లో వచ్చింది. ఈ మాత్ర వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది.